ఆ రాచకం, గా రాచకం

మొన్న ఆర్మూరులో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు సాయంత్రం పూట సర్వపిండి చేశాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడ కలిపి గిన్నె అడుగున ఒత్తి, అక్కడక్కడ వేలితో బొక్కలు పెట్టి నూనె పోస్తే, అది కాలే వాసనకు ఏ గదిలో ఉన్నవాళ్లైనా లేచి రావలసిందే. తమ్ముడి మనవరాలు శ్రీనిధి చెవుల్లో పెట్టుకున్నవి కూడా తీయకుండా వచ్చి, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "అరాచకం అమ్మమ్మా" అంది. నా చేతిలో అట్లకాడ అట్లాగే ఆగిపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. "ఏం అరాచకం జరిగిందే, ఉప్పు ఎక్కువైందా?" అని అడిగాను. అది పడీపడీ నవ్వింది. "మస్తు మంచిగైంది అని అర్థం అమ్మమ్మా. ఇప్పుడు అందరు గట్లనే అంటరు. పాట మంచిగుంటే అరాచకం, బిర్యానీ మంచిగుంటే అరాచకం" అని వివరించింది.

తమ్ముడికి కోపం వచ్చింది. మాటలకు అర్థం పర్థం లేకుండా పోతోందని, ఈ ఫోన్లొచ్చి భాష నాశనమైందని గొణుగుతూ, నువ్వైనా చెప్పవే అన్నట్టు నా వైపు చూశాడు. మామూలుగా అయితే నేను ఇలాంటి సందు దొరికితే వదిలే మనిషిని కాను. కానీ ఆ రోజు నోరు రాలేదు. ఎందుకంటే శ్రీనిధి చెప్పిన అర్థం కొత్తది కాదు. ఇదే జాగాలో, తమ్ముడు ఇంకా పాకుతున్న రోజుల్లో, మా బాపమ్మ ఈ మాటను సరిగ్గా ఇదే అర్థంలో వాడింది. ఒక ఏడాది పాటు నా చదువంతా ఆ తప్పు అర్థం మీదనే నిలబడింది.

అప్పుడు ఇక్కడ ఈ స్లాబు ఇల్లు లేదు. పెంకుటిల్లు, వెనుక గొడ్ల కొట్టం, కొట్టం దాటితే వాడ మొత్తానికి కలిసి ఉన్న కల్లం, కల్లానికి అవతల ఊరి మీదికి ఒరిగినట్టు కనిపించే నల్లరాళ్ల గుట్ట. నాన్నను మేము బాపు అని పిలిచేవాళ్లం. ఆయన తల్లి కనుక ఆమె బాపమ్మ. మా ఇంట్లో ఏ వస్తువైనా బాపమ్మ ముక్కు పరీక్షలో నెగ్గవలసిందే. కాచిన పాలు వాసన చూసేది, ఆరిన చీర వాసన చూసేది, బడి నుంచి రాగానే మమ్మల్ని దగ్గరికి లాక్కుని నెత్తి వాసన చూసి, "ఎండల తిరిగినవ్" అని తీర్పు చెప్పేది. అమ్మ వండిన కూరలో ఉప్పు తక్కువైతే తినకుండానే కనిపెట్టేది. అమ్మకు అది తలనొప్పిగా ఉండేదేమో గాని, మాకు మాత్రం ఆమె ముక్కు మా ఊరి గుట్టంత గొప్పగా కనిపించేది.

చలి తగ్గుముఖం పట్టి పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే ఆ ముక్కుకు తీరిక ఉండేది కాదు. ముందు తడిమట్టి వాసన, తర్వాత పచ్చి కొమ్ముల ఘాటు, ఆ తర్వాత ఉడికే పసుపు వాసన. ఊరంతా ఆ వాసనలోనే నిద్ర లేచేది, దానిలోనే పడుకునేది. గోళ్లు పచ్చన, పంచెలు పచ్చన, ఆవు దూడ మూతి కూడా పచ్చన. నందిపేట్ వైపు నుంచి, దొంకేశ్వర్ వైపు నుంచి బండ్లు వరుస కట్టి బజారుకు వస్తుంటే, ఎద్దుల మెడల్లో గంటల చప్పుడుకు బడిలో పాఠం వినిపించేది కాదు. ఆ నెలల్లో మా పలకల మీద రాసిన అక్షరాలు కూడా కాస్త పచ్చగానే ఉండేవి.

పసుపు ఉడకబెట్టడానికి మా వాడకంతటికీ ఒకటే ఇనుప కడాయి. పిల్లలం నలుగురం అందులో పడుకున్నా ఇంకా చోటు మిగిలేది. పేరుకు అది మా ఇంటిది. కానీ కల్లంలో తవ్విన పొయ్యి మీదికి ఎక్కాక అది ఎవరిదీ కాదు. తవ్విన పసుపు కుప్ప పోసి ఎక్కువ రోజులు ఉంచితే మెత్తబడి పాడవుతుంది కనుక అందరికీ తొందరే. అయినా ఆ కడాయి దగ్గర కొట్లాట జరగగా నేను చూడలేదు. వాడలో ఇళ్ల వరుస ప్రకారం వంతు నడిచేది. ఈ ఏడు చివర ఎవరికి వచ్చిందో వచ్చే ఏడు వాళ్లకే మొదలు. మబ్బు పట్టిందనో, ఇంట్లో పెళ్లి ఉందనో ఎవరైనా అడిగితే ముందువాళ్లు తమ వంతు వాళ్లకు ఇచ్చేవాళ్లు. కొత్తగా వచ్చిన కూలివాళ్లు ఎవరైనా, ఇక్కడ పెద్ద ఎవరని అడిగితే, బాపమ్మ పొయ్యిలోకి ఎండిన పసుపాకు తోస్తూ, "పెద్దెవలు లేరు. వంతు ఉన్నది" అనేది. చిన్నప్పుడు నేను వంతు అంటే ఎవరో మనిషి పేరనుకున్నాను.

బాపు ఉర్దూలో చదువుకున్నాడు. హోటల్లో ఉర్దూ పేపరు చదివి పదిమందికి వినిపించేవాడు, దానికి ఆయనకు మంచి పేరు. రాష్ట్రాలు కలిసిన తర్వాత బడులు, కచేరీలు తెలుగులోకి మారిపోయేసరికి పాపం బాపు ఒక్కసారిగా చదువు రానివాడైపోయాడు. కూడబలుక్కుని తెలుగు చదివేవాడు గాని పెద్ద మాట వస్తే ఆగిపోయేవాడు. నేను ఐదు పాసయినప్పుడు బాపమ్మే కొడుకుతో పంచాయితీ పెట్టింది. "నీకు ఉర్దూ వచ్చె. నాకు ఏదీ రాకపాయె. ఇగ ఇంట్ల తెలుగు వచ్చినోళ్లు ఒకలన్న ఉండాలె గద. పోరిని పెద్ద బడికి తోలు" అంది. పెద్ద బడిలో మగపిల్లలతో కలిసి కూర్చోవాలి. బాపు కఠినాత్ముడు కాడు, భయస్తుడు. బజార్లో నలుగురి నోట పడడమంటే ఆయనకు జ్వరం వచ్చినంత పనయ్యేది. ఒప్పుకున్నాడు గాని షరతు పెట్టాడు. "బడి నుంచి ఒక్క మాట వచ్చినా బంద్. మల్ల నన్ను అడుగొద్దు." నాకు బడి అంటే ప్రాణం. కాబట్టి ఆ ఒక్క మాట ఎక్కడి నుంచి వస్తుందోనని బిక్కుబిక్కుమంటూ వెళ్లొచ్చేదాన్ని.

పెద్ద బడిలో తెలుగు సారు కోస్తా నుంచి వచ్చినాయన. పంచె, లాల్చీ, నున్నగా దువ్విన జుట్టు. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవారు. ఆయన ప్రతి మాటకూ "అండీ" తగిలిస్తే మేము బల్లల కింద తలలు పెట్టి నవ్వుకునేవాళ్లం. మేము "దూప అయితుంది సార్" అంటే ఆయన పాఠం ఆపి, దూప అంటే ధూపమా అని అడిగారు. దప్పిక అని తెలిశాక రెండు రోజుల పాటు ఆ మాటను ముద్దుగా పలికి చూసుకున్నారు. మా మాట ఆయనకు సగం, ఆయన మాట మాకు సగం అర్థమయ్యేది. ఆ మిగిలిన సగంలో ఆయనంటే మాకు భయమూ, ఇష్టమూ కలిసి ఉండేవి.

తరగతి మూలలో నీళ్ల కుండ ఉండేది. చెంబు మాత్రం క్లాసు లీడరు గోపాల్ చేతిలో ఉండేది. వాళ్లది బజారులో పెద్ద దుకాణం, హెడ్మాస్టరు అతన్నే ప్రతి ఏడూ లీడరుగా పెట్టేవారు. మధ్యాహ్నం గంట కొడితే ముందు అతని దోస్తులు తాగాలి, తర్వాత అతనికి నచ్చినవాళ్లు, అందరికంటే ఆఖరున వెనుక బెంచీలోని ఆడపిల్లలం. మా దాకా వచ్చేసరికి కుండ అడుగున మట్టి తేలేది. ఒకరోజు ఎండ బాగా ఉంది. సారు హెడ్మాస్టరు గదికి వెళ్లారు. నాకు నాలుక పిడచకట్టుకుపోతోంది. ఏం పూనిందో తెలియదు, లేచి వెళ్లి గోపాల్ చేతిలో చెంబు లాక్కుని, "ఇయ్యాల్టి సంది లీడర్ లేడు. వంతు ఉన్నది. బెంచీ బెంచీకి వంతు" అన్నాను. మా కల్లంలో రోజూ వినే మాటే కనుక నాకు అది పెద్ద తిరుగుబాటుగా తోచలేదు.

కాసేపు బాగానే సాగింది. మొదటి బెంచీ తాగింది, రెండో బెంచీ లేచింది. ఇంతలో గోపాల్, "లీడరే లేకుంటే నన్ను ఆపేటోడు గూడ లేడు" అని కుండ మీద పడ్డాడు. అతని వెనుక అందరూ పడ్డారు. కుండ పగిలింది. గదంతా నీళ్లు. సరిగ్గా అప్పుడే సారు లోపలికి అడుగు పెట్టారు, పంచె అంచు తడిసింది. ఆయన కోపంతో అన్న మాట, "అరాచకం." మాకెవరికీ అర్థం కాలేదని గ్రహించి, తడిసిన పంచె ఎత్తి పట్టుకునే పాఠం మొదలుపెట్టారు. "అ అంటే లేదు అని. రాజు లేకపోవడం అరాచకం. రాజు లేనిచోట ఏం జరుగుతుందో చూశారు కదా, ఇదిగో, ఇది జరుగుతుంది." ఆ మాటను నేను అలా, చీలమండల దాకా నీళ్లలో నిలబడి నేర్చుకున్నాను. ఎవరు మొదలుపెట్టారని సారు అడిగితే వేళ్లన్నీ నా వైపు లేచాయి. "సాయంత్రం మీ ఇంటికి వస్తాను సత్యవతీ" అన్నారాయన. ఆ మధ్యాహ్నం మిగతా పాఠాలేవీ నా చెవికెక్కలేదు. ఇదే నా ఆఖరి రోజని బల్ల మీద చేయి పెట్టి నిమురుతూ కూర్చున్నాను.

సారు వచ్చేసరికి కల్లంలో మా వంతు నడుస్తోంది. కడాయి మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి, అంచుల నుంచి తెల్లటి ఆవిరి బుసలు కొడుతోంది. బాపు పొయ్యి దగ్గర, బాపమ్మ చీపురుపుల్లతో కొమ్ము గుచ్చి ఉడికిందో లేదో చూస్తూ. సారుకు మంచం వాల్చారు. నేను కొట్టం గుంజ చాటున నిలబడ్డాను. సారు ఉపోద్ఘాతమేమీ లేకుండా, "మీ అమ్మాయి ఇవాళ తరగతిలో అరాచకం చేసిందండీ" అన్నారు. కోపం ఇంకా తగ్గలేదు కనుక మొదటి అక్షరం కాస్త సాగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేము "గా ఇల్లు" అంటే సారు "ఆ ఇల్లు" అంటారని, మా "గా" ఆయన నోట్లో "ఆ" అవుతుందని వాడలో అందరికంటే ముందు కనిపెట్టింది బాపమ్మ. ఆయన మాటను మాకు అర్థమయ్యేలా మార్చి చెప్పడం ఆమెకు సరదా. అందుకని ఆమె చెవికి వినిపించింది "అరాచకం" కాదు, "ఆ రాచకం." రాచ అంటే ఆమెకు బాగా తెలుసు. రాచమర్యాద, రాచబాట, చివరికి రాచపుండు కూడా. ఆవిరి చప్పుడులో సరిగా వినపడక బాపు, "సార్ ఏమంటుండే?" అని తల్లిని అడిగాడు. బాపమ్మ మొహం విప్పారింది. "గా రాచకమట. మన సత్తెవ్వ బడిల గా రాచకం జేసిందట. అంటే రాచ పద్ధతిరా" అంది.

సారు ఇంకొంచెం గొంతు పెంచి, "ఇలాంటి అరాచకం నేను ఇంతవరకు ఏ బడిలోనూ చూడలేదు" అన్నారు. "గసొంటి రాచకం ఏ బడిల సూడలేదట" అని బాపమ్మ అనువదించింది. బాపు పంచె దులుపుకుని లేచి నిలబడ్డాడు. ఆయన మొహం ఎర్రబడింది, అది పొయ్యి సెగ కాదు. "అంత మీ దయ సార్. మాదేమున్నది" అన్నాడు చేతులు జోడించి. సారు ఏదో చెప్పబోయి నోరు తెరిచారు. అంతలో బాపమ్మ కంచు గిలాసలో అల్లం వేసిన మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. ఆయన తాగి మళ్లీ నోరు తెరిచేసరికి, ఎండిన కొమ్ములు కట్టిన మూట ఒడిలో పెట్టి, "గీ పసుపు మీ ఇంట్ల అమ్మకు పంపుండ్రి సారూ" అంది. ఆయన ఒకసారి మూటను, ఒకసారి గుంజ చాటున ఉన్న నన్ను చూసి, ఇక లేచి దండం పెట్టి వెళ్లిపోయారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేంత మంచిపిల్లను నేను అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాటకు పట్టాభిషేకం జరిగింది. బర్రె చిక్కటి పాలిస్తే "గా రాచకం." తమ్ముడు మొదటిసారి తప్పటడుగు వేస్తే "గా రాచకం." అమ్మ చేసిన పుంటికూర పప్పు వాసన చూసి ఎన్నడూ మెచ్చుకోని బాపమ్మ, "గా రాచకం" అనేసరికి అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడలో కూడా మాట పాకింది. ఎవరి కొమ్ములు నిగనిగలాడినా ఆ మాటే. బాపు నన్ను బడి దాకా దింపి రావడం మొదలుపెట్టాడు, దారిలో ఎవరైనా కలిస్తే నిలబెట్టి మరీ, మా బిడ్డను సార్ ఇంటికొచ్చి తారీఫ్ చేసిండని చెప్పేవాడు. సారు నాకు ఎదురుపడితే నవ్వు ఆపుకోవడానికి దగ్గేవారు. ఆయన నాతో ఆ సంగతి ఎత్తలేదు, నేను ఆయనతో ఎత్తలేదు. ఆ ఏడాది నేను పద్యాలన్నీ తప్పు లేకుండా ఒప్పజెప్పాను.

మరుసటి ఏడు మళ్లీ పసుపు తవ్వకాల్లోనే బడి వార్షికోత్సవం వచ్చింది. నేను పద్యం చదవాలి. బాపమ్మ పెట్టె అడుగున ఉన్న చీర తీసి, వాసన చూసి, కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. పక్కన బాపు. ముఖ్య అతిథిగా జిల్లా కేంద్రం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కలుపుగోలు మనిషి, మైకు చేత్తో పట్టుకుని వేదిక దిగి వచ్చి, ముసలావిడ కనిపించేసరికి, "ఏమమ్మా, ఎట్లున్నయి మా ఏర్పాట్లు?" అని అడిగి మైకు ఆమె నోటి ముందు పెట్టాడు. అంత పెద్దమనిషికి మన మాటలో జవాబు చెబితే ఏం బాగుంటుందనుకుందో ఏమో, బాపమ్మ లేచి నిలబడి, సారు మాట్లాడినట్టు, "గా"ను "ఆ" చేసి, ఒక్కో అక్షరం విడివిడిగా, "ఆ రాచకమండీ" అంది. సరిగా వినపడలేదేమోనని ఆమె మళ్లీ, "మస్తు అరాచకమండీ" అంది.

నవ్వు వెనుక వరుసల నుంచి మొదలై వేదిక దాకా వచ్చింది. ఆ పెద్దమనిషే అందరికంటే ఎక్కువ నవ్వాడు. బాపమ్మ కూడా సంతోషించారనుకుని వాళ్లతో కలిసి నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు. వెనుకనున్న ఒకాయన ఆయన చెవిలో, "అరాచకం అంటే దొమ్మీ, లూటీ, అల్లరి. గట్లంటరా ఎవలన్న?" అన్నాడని తర్వాత తెలిసింది. అప్పుడు వంగి చెప్పడం మాత్రమే వేదిక మీది నుంచి చూశాను. మాటలు వినపడకపోయినా బాపు మెడ వంగిపోవడంతో నాకు అంతా అర్థమైంది. పద్యం సగంలో మరిచిపోయాను.

ఇంటికి వచ్చాక బాపు నా సంచీ తీసి, నాకు అందని పై కొక్కానికి తగిలించాడు. అరవలేదు, తిట్టలేదు. "అంటే గా దినం సార్ తారీఫ్ జెయ్యలే. ఫిర్యాదుకు వచ్చిండు. నేను ఏడాది సంది ఊరంత చెప్పుకుంట తిరిగిన" అన్నాడు. "రేపటి సంది బడి బంద్." నేను ఏడవడానికి బాపమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఎప్పటిలా నా నెత్తి వాసన చూడలేదు. అంతమంది తనను చూసి నవ్వారని అప్పుడే తెలిసింది కదా, ఆమెకూ మనసు కష్టమైంది. "పొద్దుగాల సార్ ను పిలువుండ్రి. గా మాట నా చెవులతోటి ఇంట" అని మాత్రం అంది.

పిలవకుండానే తెల్లవారి సారు వచ్చారు. కల్లంలో మళ్లీ మా వంతే నడుస్తోంది. ఆయన మంచం మీద కూర్చోకుండా బాపమ్మ ఎదురుగా ఒక రాయి మీద కూర్చున్నారు. "ఆ రోజే చెప్పి ఉండవలసింది అమ్మగారూ. మీ మాట నాకు సగమే అర్థమైంది. పూర్తిగా అర్థమయ్యేసరికి మజ్జిగ తాగేసి ఉన్నాను" అన్నారు. బాపమ్మకు నవ్వు రాబోయి ఆగింది. "సరే సారూ. గిప్పుడు చెప్పుండ్రి. అరాచకం అంటే ఏంది?"

"రాజు లేకపోవడం అమ్మగారూ."

"గంతేనా? ఉత్తగ రాజు లేకపోవుడేనా?"

"మాటలో ఉన్నది అంతే. రాజు లేకపోతే బలమున్నవాడు బలం లేనివాణ్ణి దోచుకుంటాడని పెద్దలు అనుకున్నారు. అందుకని అల్లరికి, దోపిడీకి కూడా ఆ పేరే నిలిచిపోయింది."

బాపమ్మ చీపురుపుల్ల పక్కన పెట్టింది. "నేను గీ ఇంటికి కోడలిగ వచ్చిన కొత్తల రాజు ఉండె సారూ. రాజు కింద దొర ఉండె. దొర కింద మనుషులుండిరి. పసుపు తవ్వంగనే వాళ్లచ్చి గీ కడాయినే ఎత్తుకపొయ్యేది. కడాయి ఎనుక మమ్ముల గూడ తోలుకపొయ్యేది. వాళ్ల పసుపు మేము ఉడకబెట్టాలె. మా పసుపు గీడనే కుప్పల కుళ్లిపొయ్యేది. ఇంటికచ్చేసరికి వాడంత గదే కంపు. గా వాసన ఇంక నా ముక్కుల నుంచి పోలే. గిప్పుడు రాజు లేడు. కడాయి వాడల ఉన్నది. ఎవని వంతు వానికి వస్తున్నది. గీ రెంటిల ఏది అరాచకం, నువ్వే చెప్పు."

సారు కడాయి వైపు ఒకసారి చూశారు. తర్వాత, "ఆ రోజు తరగతిలో ఈ పిల్ల కూడా అదే మాట అందట అమ్మగారూ. లీడరు లేడు, వంతు ఉందని. కుండ పగిలాక గాని నేను రాలేదు, ఆ ముందు జరిగింది నాకు పిల్లలు తర్వాత చెప్పారు" అన్నారు. బాపమ్మ నా వైపు తిరిగింది. "గట్లన్నవానే?" అని అడిగింది. తల ఊపాను.

బాపు అప్పటిదాకా పొయ్యి ముందు మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అట్లాగే తిరగకుండా, "దొర పొయ్యికి నేను గూడ పుల్లలు మోసిన. గీ పోరికంటె చిన్నగుంటి" అన్నాడు. ఆ సంగతి ఆయన అంతకుముందు ఎన్నడూ మాతో చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. లేచి ఇంట్లోకి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి ఆయన చేతిలో నా సంచీ ఉంది. దాని మీద పడిన దుమ్ము పంచె కొసతో తుడిచి నా భుజానికి తగిలించాడు. అయినా బాపు బాపే కదా, "పద్యం మొత్తం నేర్చుకో. మల్ల సగంల ఆపకు" అన్నాడు. ఆయన చేతికి ఉన్న పసుపు నా గౌను భుజం మీద అంటుకుంది. అమ్మ ఎంత ఉతికినా అది పూర్తిగా పోలేదు, పోనందుకు నాకు సంతోషంగానే ఉండేది.

ఇప్పుడు కల్లం లేదు. గుట్ట దాకా ఇళ్లు వచ్చేశాయి. పసుపు ఉడికించడానికి ట్రాక్టరు వెనుక ఆవిరి యంత్రం వస్తుంది, ఫోను చేసినవాళ్ల చేను దగ్గరికే వెళ్లి పని ముగించి వెళ్లిపోతుంది. ఒకరి వంతు కోసం ఒకరు ఆగే అవసరం లేదు. ఆడవాళ్ల కళ్లు పొగకు మండవు, నడుములు పడిపోవు. అది మంచిదే, ఆ చాకిరీ మళ్లీ రావాలని కోరుకునేంత పిచ్చి నాకు లేదు. కానీ తమ్ముడికి పక్కింటివాళ్ల పేర్లు సరిగా తెలియవు. మా కడాయి మేడ మీద బోర్లించి ఉంది, దాని మీద శ్రీనిధి పూలకుండీలు పెట్టింది. అదే శ్రీనిధి రోజూ పొద్దున్నే ఆడపిల్లలతో నిండిన కాలేజీ బస్సు ఎక్కి నిజామాబాద్ వెళ్తుంది. ఒక్క మాట వచ్చినా బంద్ అనే మనిషి ఇప్పుడు ఆ ఇంట్లో లేడు. ఈ రెంటిలో ఏది ఎక్కువని ఎవరైనా అడిగితే నేను బస్సే అంటాను, అని మళ్లీ మేడ ఎక్కి ఆ కడాయిని ఒకసారి తట్టి వస్తాను.

సర్వపిండి అయిపోయేదాకా ఈ కథ చెప్పాను. తమ్ముడికి కూడా ఇది తెలియదు. శ్రీనిధి చెవుల్లోవి తీసేసి విన్నది. అంతా అయ్యాక, "మరి బాపమ్మ ఏం జేసింది, నిన్ను తిట్టలేదా?" అని అడిగింది.

తిట్టలేదు. ఆ పొద్దున సంచీ తగిలించుకుని నేను సారు వెనుక కల్లం దాటుతుంటే బాపమ్మ ఆగమని పిలిచింది. దగ్గరికి వెళ్తే నా తల వంచి, ఎప్పటిలాగే నెత్తి వాసన చూసింది. "అరాచకం జేస్తే జేసినవ్ గని బిడ్డా, వంతు మాత్రం తప్పకు" అని చెప్పి, మళ్లీ చీపురుపుల్ల అందుకుని కడాయి వైపు తిరిగింది.